జ్ఞానం ఒక్కటి ఉంటే సరిపోద్దా?

పోస్టు కాస్త పెద్దదే. ఒకేసారి చదవలేకపోతే ఆగి ఆగి చదవండి.

ముందే ఒక మాట. ఇందులో బైబిలు గురించి ఎక్కువ ఉంటుంది. మన గ్రూపులో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళు కారని తెలుసు. మా ఇంట్లోనే సగం మంది వెళ్ళరు, నాన్న తరపు వాళ్ళు ఇప్పటికీ ఊరి దేవతకే మొక్కుతారు. ఎవర్నీ అటు రమ్మనడానికి రాయట్లేదు. నా వల్ల ఒక తప్పు జరిగింది. దాని గురించి ఆలోచించడానికి నాకు తెలిసిన పుస్తకం అదే కాబట్టి దాంతోనే రాస్తున్నా.

జనవరిలో సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళాను. మాది చింతపల్లి వైపు. అక్కడ చుట్టుపక్కల గూడేల చర్చిలన్నీ కలిసి యూత్ మీటింగ్ పెట్టారు. పాస్టరు గారు నాకొక అంశం ఇచ్చి మాట్లాడమన్నారు: "జీవితానికి అర్థం ఇవ్వడానికి జ్ఞానం ఒక్కటే చాలునా?" నాకే ఎందుకంటే, మా గూడెంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, తర్వాత వైజాగ్. ఇప్పుడు మద్దిలపాలెంలో నలుగురం ఒక రూములో ఉండి గ్రూప్-1 కి చదువుతున్నాం. మైకు పట్టుకుని ముప్పావుగంట మాట్లాడాను. సొలొమోను మూడు వేల సామెతలు చెప్పాడని, వెయ్యిన్ని ఐదు కీర్తనలు రచించాడని (1 రాజులు 4వ అధ్యాయంలో ఉంటుంది) లెక్కలతో సహా చెప్పాను. చివర్లో "జ్ఞానం ఒక్కటే చాలదు, దేవుని ప్రేమ కూడా కావాలి" అని ముగించాను. చప్పట్లు కొట్టారు. పిల్లలు సెల్ఫీలు దిగారు.

భోజనాల దగ్గర మా చిన్నమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"నాయినా, ఇది నీకు ఫోన్లో పంపించినాం గదా. చూసినావా?"

చూశాను. అసలు సంగతి అదే. చూశాను.

చిన్నాన్న చనిపోయి ఏడేళ్ళయింది. కొండ వాలులో వాళ్ళకి రెండెకరాల చిల్లర పోడు ఉంది. చోళ్ళు, సామలు, మధ్యలో రాజ్‌మా వేస్తది. దానికి హక్కు పత్రం కోసం అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టింది. అక్టోబరులో, కొండంతా వలిసె పూలతో పచ్చగా ఉన్న రోజుల్లో, తగిన ఆధారాలు లేవు కాబట్టి తిరస్కరించామని ఆ కాగితం వచ్చింది. చదివేవాళ్ళు లేక, పక్కింటి కుర్రాడితో ఫోటో తీయించి నాకు వాట్సాప్‌లో పంపింది. నేను లైబ్రరీలో ఉన్నాను. తెరిచాను, పైపైన చూశాను, ఒక బొటనవేలు గుర్తు పెట్టాను. రాత్రి చదువుదాంలే అనుకున్నాను. ఆ రాత్రి రాలేదు.

ఇంకో ముక్క చెప్పాలి, చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. నవంబరులో మా మెయిన్స్ టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది: అటవీ హక్కుల చట్టం 2006, అమలులో సమస్యలు. బ్రహ్మాండంగా రాశాను. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలని రాశాను. నాలుగు హెక్టార్ల పరిమితి రాశాను. గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ బొమ్మ గీసి చూపించాను. నిర్ణయం నచ్చనివాళ్ళు 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళొచ్చని రాసి దాని కింద గీత గీశాను. పదికి ఎనిమిది వచ్చాయి. ఆ పేజీ ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను. అదే ఫోనులో, నాలుగు వేళ్ళు పైకి జరిపితే, చిన్నమ్మ కాగితం ఉంది. అప్పటికి ఆ 60 రోజుల్లో ఇంకా నెల పైనే మిగిలి ఉంది.

జనవరిలో భోజనాల దగ్గర కాగితం విప్పి తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. గడువు ఎప్పుడో దాటిపోయింది. చిన్నమ్మకి చెప్పాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. "ఓహో, అలాగా" అని కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి కవర్లో పెట్టుకుంది. పక్కన మా పెద్ద మామ కూర్చున్నాడు. ఆయన బడికి వెళ్ళినవాడు కాదు. ఆయన మాత్రం అడిగాడు, "అయితే నీకు తెలుసన్నమాట. తెలిసి మాకు సెప్పలేదేటి?"

కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

వైజాగ్ తిరిగొచ్చాక ప్రసంగి గ్రంథం మొదటి నుంచి చదివాను. ఈసారి ప్రసంగం కోసం కాదు. పన్నెండే అధ్యాయాలు, ఒక రాత్రిలో అయిపోద్ది. మన తెలుగు బైబిల్లో "వ్యర్థము" అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా. ఆ మాట చూసి చిన్నప్పటి నుంచీ ఈ పుస్తకం అంటే నాకు ఒకరకమైన నీరసం. అన్నీ వ్యర్థమైతే ఇక చదవడమెందుకు, పొలం దున్నడమెందుకు అనిపించేది. తర్వాత తెలిసింది, హెబ్రీలో అక్కడున్న మాట "హెబెల్". దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి. కయీను తమ్ముడు హేబెలు పేరు కూడా అదే మాట. లంబసింగిలో డిసెంబరు పొద్దున చూడండి, లోయంతా మంచు. ఉందా అంటే ఉంది, ఎదురుగా మనిషి కనపడడు. దాన్ని కుండలో పట్టుకొస్తానంటే రాదు. ఎండెక్కితే పోద్ది. ప్రసంగి చెప్తున్నది పనికిరానిదని కాదు, పట్టుకుందామంటే చేతికి రానిదని. నాకు ఇలా అర్థమయ్యాక పుస్తకం మీద కోపం పోయింది.

ఆయన జ్ఞానాన్ని తిట్టలేదు. చీకటి కంటే వెలుగు ఎంత మేలో బుద్ధిహీనత కంటే జ్ఞానం అంత మేలనే రెండో అధ్యాయంలో అన్నాడు. అన్న వెంటనే ఇంకొకటి కనిపెట్టాడు: జ్ఞానీ పోతాడు, తెలివిలేనివాడూ పోతాడు, కొన్నాళ్ళకి ఇద్దర్నీ ఎవరూ తలుచుకోరు. ఇళ్ళు కట్టాడు, తోటలు వేశాడు, చెరువులు తవ్వించాడు, పాటగాళ్ళని పెట్టుకున్నాడు, అన్నీ చేసి చూసి ఇదీ మంచే అన్నాడు. ఇంకా చదివేకొద్దీ దుఃఖం కూడా పెరుగుతుందన్నాడు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు ఆ మాటకి నవ్వుకుంటారు గానీ ఆయన ఉద్దేశం సిలబస్ గురించి కాదు. చూపు పెరిగితే అన్యాయం ఎక్కువగా కనపడుతుంది, అది. నాలుగో అధ్యాయం మొదట్లో ఆయన అణగారినవాళ్ళ కన్నీళ్ళు చూశానంటాడు, వాళ్ళని ఓదార్చేవాడు ఎవడూ లేడంటాడు.

ఇక్కడ నాకు పెద్దాయనతో ఒక తగాదా ఉంది. చూశావు సరే. నువ్వు రాజువే కదా, వెళ్ళి ఓదార్చొచ్చు కదా? (ఈ పుస్తకం సొలొమోనే రాశాడని మన చర్చిల్లో చెప్తారు, చాలామంది పండితులు తర్వాతి కాలంలో ఎవరో ఆయన గొంతుతో రాశారంటారు. ఏదైనా మాట్లాడుతున్నది రాజు గొంతే.) చూడ్డం దగ్గర ఆగిపోయి, అయ్యో అనుకుని, మళ్ళీ ఆలోచనలోకి వెళ్ళిపోతాడు. చదివినప్పుడు నా బొటనవేలు గుర్తు గుర్తొచ్చింది.

దాంతో సొలొమోను కథ మొత్తం మళ్ళీ చదివాను. 1 రాజులు 3 నుంచి 12 వరకు వరసగా. ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా వింటాం కాబట్టి మనకి తెలీదు గానీ, వరసగా చదివితే అది వేరే కథ.

మూడో అధ్యాయంలో కుర్ర రాజు గిబియోనులో నిద్రపోతే దేవుడు కలలో కనపడి ఏం కావాలో అడగమంటాడు. ఆయన ధనం అడగలేదు, ఆయుష్షు అడగలేదు, ఈ జనానికి న్యాయం తీర్చే తెలివి అడిగాడు. తెలుగులో వివేకం గల హృదయం అని ఉంటుంది. హెబ్రీలో ఆ మాటకి నేరుగా అర్థం "వినే హృదయం" అట. వినే హృదయం! వెంటనే వచ్చే తీర్పు కూడా చూడండి, ఎవరూ లేని ఇద్దరు వేశ్యలు, ఒక పసిబిడ్డ. ఊళ్ళో ఎవరూ పట్టించుకోని ఆడవాళ్ళు నేరుగా రాజు ముందు నిలబడి మాట్లాడారు, రాజు విన్నాడు. జ్ఞానం అక్కడ బతికే ఉంది.

నాలుగో అధ్యాయానికొచ్చేసరికి దేవదారు చెట్టు నుంచి గోడ మీద మొలిచే మొక్క దాకా, జంతువులు, పక్షులు, చేపలు అన్నిటి గురించీ చెప్పగలడని పేరొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో జనం వినడానికి వచ్చారు. ఇప్పుడు ఆయన వినడు, అందరూ ఆయన్ని వింటారు. ఐదో అధ్యాయంలో ఆలయం కట్టడానికి ముప్పై వేల మందిని వెట్టికి పట్టాడు. నెలకి పదివేల మంది చొప్పున లెబానోనుకి, ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర. ఎంత తెలివైన లెక్క! డ్యూటీ చార్టు చక్కగా వేశాడు. పైగా బరువులు మోసేవాళ్ళు డెబ్బై వేలు, కొండల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు ఎనభై వేలు. దేవుడి ఇంటికి ఏడేళ్ళు పట్టింది, తన ఇంటికి పదమూడేళ్ళు.

తెలుగు బైబిల్లో అక్కడున్న మాట "వెట్టి"యే. మన వైపు ఆ మాట ఎవరికీ వివరించక్కర్లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతముత్తాతల చేత కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడు, కోపం అక్కడ రాజుకుంది, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో బయటపడింది. ఇప్పుడు టూరిస్టులు మంచు చూడటానికి కార్లలో ఎక్కేది ఆ దారే. రాళ్ళు కొట్టే ఎనభై వేల మంది కొండల్లో ఉన్నారని చదివితే నాకు యెరూషలేము కనపడలేదు, ఆ మలుపులే కనపడ్డాయి.

సొలొమోను పోయాక జనం ఆయన కొడుకు రెహబాము దగ్గరికొచ్చి అడిగింది ఒక్కటే: నీ తండ్రి పెట్టిన బరువు కాస్త తగ్గించు. ఆయన జ్ఞానం గొప్పదని గానీ, సామెతలు బాగున్నాయని గానీ ఒక్కడూ అనలేదు. కొడుకు వినలేదు, ఇంకా గట్టిగా ఉంటానన్నాడు. పది గోత్రాలు విడిపోయాయి. వెట్టిపని మీద అధికారిని పంపితే రాళ్ళతో కొట్టి చంపారు. లోకంలో అందరికంటే జ్ఞాని అయినవాడి ఇల్లు ఒక్క తరానికే రెండు ముక్కలైంది.

మన గ్రూపులో ఎవరో ఒకరు అంటారని తెలుసు: "అన్నా, నువ్వు చదువుని జ్ఞానం అనుకుంటున్నావు. నీది ఉత్త కోచింగ్ తెలివి, అసలు జ్ఞానం వేరు." నేనూ మొదట అలాగే తప్పించుకుందామనుకున్నా. కానీ సొలొమోనుది కోచింగ్ తెలివి కాదు కదా. దేవుడే ఇచ్చాడని రాసి ఉంది. దేవుడిచ్చిన జ్ఞానం కూడా, వినడం మానేసిన మనిషి చేతిలో డ్యూటీ చార్టు అయ్యింది. ఇదే నన్ను భయపెట్టింది.

"అయితే చదువే వద్దంటావా" అనేవాళ్ళకి కూడా ఒక మాట. చిన్నమ్మ గడువు దాటిపోయింది గూడెంలో చదువు ఎక్కువై కాదు. ఉన్న ఒక్క చదువుకున్నవాడు ఊళ్ళో లేక, ఫోన్లో ఉండి కూడా లేక. ఆ కాగితం చదవగలిగే ఆడపిల్ల ఒక్కతి గూడెంలో ఉండి ఉంటే కథ వేరు. కాబట్టి చదవండి, బాగా చదవండి.

యిర్మీయా 22వ అధ్యాయం ఎప్పుడైనా చదివారా? సండే స్కూల్లో ఎవరూ చెప్పరు. యెహోయాకీము అనే రాజు పొరుగువాడి చేత జీతం ఇవ్వకుండా పని చేయించుకుని, విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలతో మేడ కట్టుకుంటాడు. అతనితో యిర్మీయా, మీ నాన్న కూడా తిన్నాడు తాగాడు, కానీ దీనుల, దరిద్రుల వ్యాజ్యం తీర్చాడు అంటాడు. అలా చెయ్యడమే నన్ను తెలుసుకోవడం కదా అని దేవుడు అడుగుతున్నట్టు అక్కడ ఉంది. అంటే దేవుణ్ణి తెలుసుకోవడం మొదట ఒక పని, తర్వాత బీదవాడికి సాయపడటం ఇంకో పని అని కాదు. రెండూ ఒకటే. నేను మైకులో "జ్ఞానం, దాంతో పాటు దేవుని ప్రేమ" అని రెండు సంచుల్లా చెప్పాను. చిన్నమ్మ ఆ మాట వింటూ, కవరు పట్టుకుని, ముందు వరసలోనే కూర్చుని ఉంది.

లూకా పదో అధ్యాయం అందరికీ తెలిసిందే, మంచి సమరయుడు. కథ మాత్రమే గుర్తుంటుంది, అది ఎవరికి చెప్పాడో మర్చిపోతాం. ఒక ధర్మశాస్త్రోపదేశకుడికి చెప్పాడు. యేసు అతన్ని శాస్త్రంలో ఏముందో చెప్పమన్నాడు, అతను పొల్లుపోకుండా చెప్పాడు, సరిగ్గా చెప్పావని యేసు కూడా ఒప్పుకున్నాడు. పదికి పది. ఇక మిగిలింది చెయ్యడమే. అక్కడే అతను "ఇంతకీ నా పొరుగువాడెవడు" అని ఇంకో ప్రశ్న వేశాడు. చదువుకున్నవాళ్ళం మనం చేసేదిదే, పని ఎదురైతే ప్రశ్నగా మారుస్తాం. ఆ దారిలో యాజకుడు, లేవీయుడు ఇద్దరూ శాస్త్రం తెలిసినవాళ్ళే, పక్కనుంచి వెళ్ళిపోయారు. సమరయుడికి ఏం తెలుసో కథలో లేదు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన గాడిద మీద ఎక్కించాడని మాత్రం ఉంది. మన దగ్గరైతే డోలీ. డోలీ భుజానికెత్తినవాణ్ణి ఏం చదివావని ఎవరూ అడగరు.

ఫిబ్రవరిలో మళ్ళీ ఊరెళ్ళాను. టెస్టు ఒకటి పోయింది, పోనీ. ఈ పని మీద తిరిగిన వేరే గూడెం అన్న ఒకాయన దగ్గర కూర్చుని నియమాలు మొత్తం చదివాను. 13వ నియమంలో ఆధారాల పట్టిక ఉంది. దాంట్లో ఒకటి చూసి నిర్ఘాంతపోయాను: దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాట, కాగితం మీద రాసుకుంటే, అదీ ఆధారమే. పాత సమాధులు, బావులు, పవిత్ర స్థలాలు కూడా ఆధారమే. నా ఎనిమిది మార్కుల జవాబులో ఈ ముక్క లేదు. ఆ రెండు మార్కులు ఇక్కడ పోయాయేమో!

పెద్దలంటే మా పెద్ద మామే. ఆయన్ని పోడులోకి తీసుకెళ్ళాం. పై గట్టున జీలుగు చెట్టు ఎవరు కాపాడారో, ఏ సంవత్సరం కొండచరియ జారి గట్టు మారిందో, చిన్నాన్న తండ్రిని ఎక్కడ పూడ్చారో, రాళ్ళ వరస ఎవరు పేర్చారో, అడుగు అడుగుకీ ఆగి చెప్పాడు. సంవత్సరాలు అంకెల్లో చెప్పడు. "మీ అమ్మ పెళ్ళికి ముందు సంవత్సరం", "పెద్ద తుపాను వచ్చిన యేడు" అంటాడు. నేను దాన్ని అంకెల్లోకి మార్చి రాసుకున్నాను. మూడు గంటలు. ఇంతకాలం ఈయన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ప్రసంగి తొమ్మిదో అధ్యాయం చివర్లో ఒక చిన్న కథ ఉంది. చిన్న ఊరు, కొద్దిమంది జనం, పెద్ద రాజు వచ్చి ముట్టడి వేశాడు. ఆ ఊళ్ళో బీదవాడైన ఒక జ్ఞాని తన తెలివితో ఊరిని కాపాడాడు. తర్వాత ఎవరూ అతన్ని తలుచుకోలేదు. ఇంతే కథ, అతని పేరు కూడా లేదు. పన్నెండు అధ్యాయాల్లో ప్రసంగి మంచులా జారిపోయేవాటి గురించే చెప్పాడు గానీ, ఈ బీదవాడి జ్ఞానం చూసి మాత్రం ఇది గొప్పదనిపించింది అన్నాడు. తనకి మేడలు కట్టించిన జ్ఞానం గురించి అలా అనలేదు.

గడువు దాటినందుకు కారణం రాయాలి కదా. ఆ అన్న "కాగితం ఆలస్యంగా అందిందని రాసెయ్" అన్నాడు. చిన్నమ్మ ఒప్పుకోలేదు, కాగితం టైముకే వచ్చిందని అంది. చివరికి ఉన్నదే రాశాను: దరఖాస్తుదారుకి చదవడం రాదు, చదివి చెప్పవలసినవాడు చెప్పలేదు. గ్రామసభ పెట్టి, మామ మాటని అందరి ముందు చదివి, తీర్మానంతో పంపాం. ఇంకా ఏమీ తేలలేదు. తేలితే ఇక్కడే చెప్తాను.

గ్రామసభ రోజు నేను రాసింది మామకి చదివి వినిపించాను. రెండు పేజీలు. కళ్ళు మూసుకుని విన్నాడు. స్టాంపు ప్యాడ్ చేతికిస్తే తీసుకోలేదు.

"గెడ్డ పేరు తప్పు రాసినావు," అన్నాడు. "అది కింది గూడెమోళ్ళ గెడ్డ. మనది పైది. మళ్ళీ రాయి."

ఇంకో కాగితం తీసుకుని మొదట్నుంచీ మళ్ళీ రాశాను. అప్పుడు వేలిముద్ర వేశాడు.